బోధకునికి బోధించినవారు



ఈ శతవార్షిక సంచికలో దేవాలయములు ఎవరు కట్టించిరి, బడులు ఎప్పుడు తెరచిరి, అధ్యక్షులుగా ఎవరెవరు సేవచేసిరి అను సంగతులు పెద్దలు వ్రాయుచున్నారు. వాటికి శిలాఫలకములే సాక్ష్యము. శిలాఫలకము లేని చరిత్ర ఒకటి కలదు. ఆదివారము ప్రసంగపీఠమెక్కు మనిషి ప్రసంగము చేయుట ఎట్లు నేర్చుకొనెను, అతనికెవరు నేర్పిరి అనునదే అది. వేదాంత కళాశాలయే నేర్పినదని చాలమంది అనుకొందురు. పట్టా చేతికి వచ్చిన దినమున నేనును అట్లే అనుకొంటిని.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అపొల్లో అను అలెక్సంద్రియవాడు కనబడును. మంచి వక్త, లేఖనములు క్షుణ్ణముగా చదివినవాడు. అయినను అతని బోధలో ఒక లోటుండెను. యోహాను బాప్తిస్మము దాటి అతనికి తెలియదు. దానిని కనిపెట్టినవారు శాస్త్రులు కారు, డేరాలు కుట్టుకొని బ్రతుకు అకుల ప్రిస్కిల్ల దంపతులు. వారు సమాజమందిరములో లేచి అతనిని తప్పుపట్టలేదు, చేర్చుకొని విశదపరచిరి. అతడును వినెను. ఈ చివరి మాట నాకు మిక్కిలి ముఖ్యముగా తోచును. (రెండధ్యాయముల తరువాత ఐతుకు నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిన సంగతి వ్రాసిన లూకా, పౌలుగారి ప్రసంగము ఎంత సేపు సాగెనో కూడ దాచలేదు!)

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణమునకు అధ్యక్షుడైన అగస్టీను, మారుమనస్సు పొందక మునుపు వక్తృత్వ శాస్త్రము నేర్పు పంతులు. అట్టివాడు క్రీ.శ. 427 ప్రాంతమున బోధకుల కొరకు ముగించిన గ్రంథములో, సూత్రములు కంఠస్థము చేయుటకంటె మంచి వక్తలను వినుటవలన ఎక్కువ నేర్చుకొనవచ్చునని వ్రాసెను. జనుల ముఖములను చూచుచు మాటలాడవలెననియు, వారికి అర్థమైనట్లు కనబడువరకు అదే సంగతిని వేరు వేరు విధములుగా చెప్పవలెననియు, అర్థమైన వెంటనే ముందుకు సాగవలెననియు చెప్పెను. అనగా ప్రసంగము సగము పీఠము మీద, సగము బల్లల మీద తయారగును.

అయితే ప్రసంగాభ్యాసమును ఒక తరగతిగా నడిపి, విని, దిద్దిన పద్ధతికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ చార్లెస్ సిమియోను గారు (1759–1836). ఆయన 1782లో, ఇరువది మూడేండ్ల వయస్సున, ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి పట్టణమున హోలీ ట్రినిటి దేవాలయమునకు గురువుగా నియమింపబడెను. ఆయనను సంఘము కోరుకొనలేదు. అద్దె చెల్లించు పెద్దలు తమ బల్లల వరుసలకు తాళములు వేసుకొని ఆరాధనకు రావడము మానిరి. వచ్చిన బీదజనులు నడవలో నిలువబడి వినవలసివచ్చెను. సిమియోను గారు సొంత డబ్బుతో బెంచీలు చేయించి వేయించగా, వాటిని బయట పారవేయించిరి. ఇట్టి వ్యతిరేకత ఏండ్ల తరబడి సాగినను, ఆయన ఆ ఒక్క దేవాలయములోనే 54 సంవత్సరములు, మరణమువరకు, సేవచేసెను.

ఆ కాలమున విశ్వవిద్యాలయములో ప్రసంగము చేయుట నేర్పువారు లేరు. పట్టా పొందినవాడు అభిషేకము పొంది నేరుగా పీఠమెక్కవలసినదే. తన తొలి ఏడేండ్లలో ప్రసంగమునకు తల ఏదో తోక ఏదో తనకే తెలియలేదని సిమియోను గారు తరువాత ఒప్పుకొనిరి. చేయుచు, తప్పుచు, దిద్దుకొనుచు కొన్ని నియమములు ఏర్పరచుకొనిరి. ఆ మీదట ఫ్రెంచి బోధకుడైన జాన్ క్లోడు ప్రసంగరచన మీద వ్రాసిన వ్యాసము వారి చేతికి రాగా, తాము కష్టపడి కనుగొనినవే అందులో ఉండెను. అది ముందే దొరికియుండిన ఆ ఏడేండ్ల శ్రమ తప్పెడిదే. ఆ శ్రమ మరియొకరికి రాకూడదనియే కాబోలు, కింగ్స్ కళాశాలలోని తమ గదులలో విద్యార్థులను పదిహేను ఇరువదిమందిని కూర్చుండబెట్టి ప్రసంగ తరగతి ప్రారంభించిరి.

పద్ధతి చాల సులువు. ముందుగా ఒక వచనము ఇత్తురు. ప్రతివాడును దాని మీద ప్రసంగమునకు ఒక చట్రము వ్రాసి తేవలెను. ఒక్కొక్కరిది విని, ఎక్కడ వచనమును విడిచి పక్కదారి పట్టెనో చూపి, చివరకు తమ చట్రమును వారి ముందుంచుదురు. వచనములో ఉన్నదానిని బయటికి తీయవలెను గాని, మన తలలో ఉన్నదానిని అందులోనికి దూర్చరాదు అనునది వారి ముఖ్య నియమము. ఇట్టి చట్రములను 1796 మొదలు ప్రచురించుచు వచ్చి, కడకు 21 సంపుటములలో 2,536 ముద్రించిరి. నిజము చెప్పవలెనన్న, ఆ సంపుటములకంటె ఆ గదులే గొప్పవని నా అభిప్రాయము. అచ్చైన చట్రమును ఎత్తుకొని పీఠమెక్కవచ్చును (మనలో ఎక్కనివారెవరు?), కాని ఎదుట కూర్చుండి "ఇది ఆ వచనములో ఎక్కడున్నది?" అని అడుగు మనిషి పుస్తకములో దొరకడు.

సిమియోను గారికిని మనకును సంబంధమేమని అడుగుదురేమో. 1799లో సి.ఎం.ఎస్. స్థాపనకు పూనుకొనినవారిలో ఆయన ఒకరు. ఆ సంస్థ తరఫుననే 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరవారలు బందరునకు వచ్చిరి. నోబుల్ గారు కేంబ్రిడ్జిలో చదివినవారే. అయితే తెలుగుదేశములో మొదటి ప్రసంగ తరగతులు గదులలో జరుగలేదు, సంతలలోను తీర్థములలోను జరిగెను. అక్కడ వినువారు అర్థము కాకున్న నవ్వుదురు, నచ్చకున్న లేచి పోవుదురు, అడ్డుప్రశ్న వేయుదురు. అంతకంటె కఠినమైన పరీక్షాధికారి ఏ కళాశాలలో నున్నాడు?

1859లో బాప్తిస్మము పొందిన రాఘవాపురము పగోలు వెంకయ్య గారు బడి చదువు లేనివారు. తనకు జరిగినది తన జనులకు, వారి మాటలలో చెప్పుటయే వారి పద్ధతి. దోర్నకల్‌కు 1909లో వచ్చిన అజరయ్య గారు తిరునల్వేలి తమిళులు. ముప్పది దాటిన తరువాత తెలుగు నేర్చుకొని తెలుగులో బోధించిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ అధ్యక్షులుగా అభిషేకము పొందిరి. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత వారి చేయి వారి తల మీదనే పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమయని 1 కొరింథీ 9:16లోని భావమును పలికించెడివారు. ఆ కూలి మనిషి మొదట చెప్పవలసినది తనను చిన్ననాటినుండి ఎరిగిన ఇరుగుపొరుగు వారికే. అబద్ధమాడిన వెంటనే పట్టుబడును.

1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడి, తరువాత హైదరాబాదునకు మారెను. వేదాంత విద్యలో ప్రసంగ తరగతి నేడు పాఠ్యభాగమే. నేను చదివిన చోట నా మొదటి ప్రసంగము ఇరువదియేడు నిమిషములు సాగెను. అయిపోగానే మా అధ్యాపకులు ఏమియు అనక, తోటి విద్యార్థులకు చీటీలు పంచి, "ఈయన దేనిని గూర్చి చెప్పెనో ఒక్క వాక్యములో వ్రాయుడి" అనిరి. పదకొండు చీటీలు వచ్చెను. పదకొండు విషయములు వచ్చెను. నన్నే అడిగిన పన్నెండవది చెప్పియుందును.

అయినను ఆ చీటీలు నన్ను పూర్తిగా దిద్దలేదు. నేను మొదటి పాస్టరేటులో చేరిన ఆరవ నెలలో ఒక గ్రామమున నాలుగేండ్ల బాలుడు చెరువులో పడి చనిపోయెను. భూస్థాపన ఆరాధనలో నేను 2 సమూయేలు 12వ అధ్యాయము తీసికొని, బిడ్డ మరణించిన తరువాత దావీదు లేచి, స్నానముచేసి, దేవుని మందిరమునకు వెళ్లిన సంగతి చెప్పితిని. హెబ్రీ మాట యొకటి కూడ వివరించితిని. బాగుగానే చెప్పితినని నా నమ్మకము.

తిరిగివచ్చునప్పుడు ఆ ఊరి విశ్రాంత ఉపదేశిగారు చెరువుగట్టు మీద నా వెంట నడచిరి. డెబ్బది దాటినవారు, ఎనిమిదవ తరగతి చదువు. కొంతసేపటికి, "అయ్యగారూ, ఒక్క మాట అడగొచ్చా?" అనిరి.

"అడగండి."

"ఆ కథలో దావీదు బిడ్డ ఎందుకు చనిపోయాడో ఆ తల్లికి తెలుసండి. ఆదివారపు బడిలో దానికి నేనే చెప్పాను. ఇవాళ మీ ప్రసంగంలో అది ఏం విన్నదంటారు?"

నేను నిలిచిపోతిని. తండ్రి పాపమునకు బిడ్డ మరణించిన కథను, బిడ్డను పోగొట్టుకొనిన తల్లి ముందు చదివితిని! ఆ మాట నాకు తట్టనైన తట్టలేదు. మరునాడు ఆ ఇంటికి వెళ్లి, "అమ్మా, నేను తప్పు చెప్పాను" అంటిని. ఆమె తల ఎత్తకుండ, "మీరు చదువుకున్నోరు అయ్యగారూ. మీరు చెప్పారంటే నిజమే అనుకున్నా" అనెను. ఏడాదిన్నర ఆమె ప్రభువు బల్లయొద్దకు రాలేదు.

అప్పటినుండి నేను అక్కడ ఉన్నంతకాలము శనివారము సాయంకాలములు ఉపదేశిగారి అరుగు మీద కూర్చుండి, మరునాటి ప్రసంగమును కాగితము లేకుండ వారికి చెప్పెడివాడను. వారు మేకకు ఆకు వేయుచు వినెడివారు. అర్థము కానిచోట చేయి ఆగును. నేను ఆగి మరల చెప్పెడివాడను. అగస్టీను గారి మాటకు అంతకంటె మంచి వ్యాఖ్యానము నేను చదువలేదు. సెల్ ఫోనులో నా ప్రసంగమును నేనే వినుట కూడ మంచి సాధనమే. ఒక ఆదివారము "కాబట్టి" అనుమాట నలుబదియొక్క మారు అంటినని దానివలననే తెలిసెను. అయితే ఫోను నా గొంతును వినిపించును గాని, మీరు ఏమి వింటిరో చెప్పలేదు.

నేడు ఆరాధన ముగియగానే గుమ్మమునొద్ద కరచాలనము చేసి, "బాగుందండీ అయ్యగారూ" అని మీరందరు వెళ్లిపోవుచున్నారు. నూరేండ్ల క్రిందటి సంతలోనివారు మా పెద్దలకు చేసినపాటి మేలైనను మీరు మాకు చేయుటలేదని మనవి చేయుచున్నాను. మాలో కొందరికి విమర్శ గిట్టదు, నిజమే. దానిచేతనే మీ నోరు మూతపడియుండవచ్చును.

ప్రస్తుత సంఘములో ముగ్గురిని అడిగియున్నాను. ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు, ఒకరు ఇంటరు చదువు అబ్బాయి, ఒకరు కూరగాయలమ్ము అమ్మగారు. సోమవారము వారు ఏమి వినిరో నాకు చెప్పుదురు. క్రిందటి వారము ఆ అమ్మగారు, "రెండోది నాకు పట్టలేదు అయ్యగారూ" అనిరి. ఇంటికి వచ్చి నా కాగితము తీసి చూచితిని. రెండవ అంశము నాకును పట్టలేదు.