మూకచిత్ర నటీమణులు – సురభి రంగస్థలము

మన దేశమున మూకచిత్రము పుట్టిన నాటికి స్త్రీపాత్రమును ధరించుటకు స్త్రీ దొరకలేదు. 1913వ సంవత్సరమున దాదాసాహెబు ఫాల్కే నిర్మించిన 'రాజా హరిశ్చంద్ర'యందు తారామతిగా నటించినవాడు సాళుంకే యను పురుషుడు. ఆ యేటనే 'మోహినీ భస్మాసుర' చిత్రమున దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించి యా కొఱతను తీర్చిరి. అయినను కులస్త్రీల సంకోచము తొలగలేదు. 1921లో రఘుపతి ప్రకాశ్ చెన్నపురిలో 'భీష్మప్రతిజ్ఞ' తీసినపుడు గంగాదేవి పాత్రము పెగ్గీ కాస్టెల్లో యను పరజాతి వనితకు దక్కెను. చిత్రమునకు మాట లేదు గనుక ఆ గంగకు తెలుగు రాకున్నను లోటు కలుగలేదు.

మాటతో పనిలేని యా సౌలభ్యమే పిమ్మట శాపమయ్యెను. సులోచన యను పేర ప్రసిద్ధికెక్కిన యూదు వనిత రూబీ మయర్స్ మూకచిత్రములలో అగ్రతార. టాకీలు రాగానే హిందుస్థానీ పలుకుబడి చాలక, కొంతకాలము నటన మాని, ఆ భాష నభ్యసించి మరల రావలసిన దయ్యెను. తుదకు చిన్న వేషములే యామెకు మిగిలినవి. 1973వ సంవత్సరపు ఫాల్కే పురస్కారము లభించునప్పటికి ఆమె వైభవమంతయు గతించినది.

తిరువనంతపురమున పి. కె. రోజీ పడిన పాటు ఇంతకన్న దారుణము. 'విగతకుమారన్' అను మలయాళ మూకచిత్రమున ఈ దళిత యువతి నాయరు స్త్రీగా నటించెను. అదియే యామె నేరమయ్యెను. అగ్రవర్ణుల యాగ్రహమునకు గుఱియై ఆమె స్వస్థలమును విడిచిపోయెను. మరల తెరపై కనబడలేదు. ఆ చిత్రపు ప్రతియు నేడు లభ్యము కాదు.

రాయలసీమయందు ఇందుకు భిన్నమైన చరిత్ర కలదు. కడప మండలమున సురభి గ్రామమందు 1885లో వనారస గోవిందరావు 'కీచకవధ'ను ప్రదర్శించి సమాజమును నెలకొల్పెను. వీరిది తోలుబొమ్మలాట వృత్తిగాగల కుటుంబము. తల్లులు, కోడండ్రు, కూతుండ్రు నిస్సంకోచముగ స్త్రీపాత్రముల ధరించిరి. భర్త హార్మోనియమువద్ద, మామ తెరవెనుక, బిడ్డ పాత్రధారియై యున్నచోట నటి యొంటరిది కాదు. ఊరూర తిరుగు బ్రతుకే కాని, నటించెనని యిల్లు విడువవలసిన యవస్థ వారికి లేదు. పద్యమును గొంతెత్తి పాడుట వారికి ఉగ్గుతో నబ్బిన విద్య.

రంగస్థలముపైననే జన్మించెనని ప్రతీతిగల సురభి కమలాబాయి యీ కుటుంబపు బిడ్డయే. ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకము ననుసరించి హెచ్. ఎమ్. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'యందు 1932లో లీలావతిగా నామె నటించెను. సులోచనకు అడ్డుగోడయైన మాట కమలాబాయికి ద్వారమయ్యెను. పందొమ్మిదేండ్లకు పిదప, 1951లో 'పాతాళభైరవి'యందు తోటరాముని తల్లిగా ఆంధ్రులు ఆమెను మరల చూచిరి.