అద్దం సాపుగా ఉందంటే రోలరు వంగలేదన్నమాట

పాత ఇంటి కిటికీ అద్దంలోంచి వీధిలోకి చూస్తే ఎదురింటి గోడ అలలు అలలుగా కనిపిస్తుంది. తల కాస్త అటూ ఇటూ కదిపితే గోడ కూడా నీళ్లలో నీడలా ఊగుతుంది. ఏళ్ల తరబడి నిలబెట్టడం వల్ల గాజు కిందికి జారిపోయిందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఇంట్లో ఉండే వేడికి గాజు జారదు. ఆ అలలు అద్దం పుట్టిన రోజునే అందులో పడ్డాయి. మెత్తగా ఉన్న గాజు గట్టిపడే ఆ కొద్దిసేపట్లో దాన్ని ఏది తాకింది, ఎంత వేడితో తాకింది, ఎంత తిన్నగా తాకింది అన్న సంగతులన్నీ పలక మీద అచ్చుపడి ఉంటాయి. గాజు పలక చరిత్రను మనం మామూలుగా ఇసుక, సోడా, సున్నం, కొలిమి అనే నాలుగు మాటల్లో చెప్పుకుంటాం. ఆ కథలో గాజు ఉంటుంది కానీ గాజును తాకిన లోహం ఉండదు. నిజానికి గత మూడు వందల ఏళ్లలో గాజు పలక బాగుపడిన ప్రతి మలుపులోనూ అసలు పోరాటం గాజుతో కాదు, లోహంతో జరిగింది. ఆ పోరాటం గెలిచింది చల్లదనం వల్ల కాదు, చల్లదనాన్ని అంతటా సమంగా పంచడం వల్ల. ఈ రెండో మాటే ముఖ్యం. అది ఎందుకో ఆధారాలతో చూద్దాం.

పగిలిన బల్లలు, పక్కన పెట్టిన పేటెంటు

పదిహేడో శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో పెద్ద అద్దాలకోసం కొత్త పద్ధతి వచ్చింది. కరిగిన గాజును లోహపు బల్ల మీద పోసి, అప్పడాల కర్రతో పిండిని పరిచినట్టు బరువైన రోలరుతో పరిచేవారు. సెయింట్ గోబెయిన్ సంస్థకు పేరు తెచ్చింది ఈ పోత పద్ధతే. మొదట్లో బల్లలు రాగివి. కొలిమిలోంచి వచ్చిన గాజు ఒక్కసారిగా మీద పడితే రాగి పలక పైభాగం వ్యాకోచిస్తుంది, కిందిభాగం మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ పెనుగులాటలో బల్లలు పగిలేవి. తర్వాత ఇంగ్లండ్‌లో వాటి స్థానంలో మందమైన పోత ఇనుము బల్లలు వచ్చాయి. మందం పెంచితే లోహం వేడిని తనలో ఇముడ్చుకుని, వంగకుండా నిలబడింది. కానీ ఇది ఒకసారి పోసి, ఆగి, మళ్లీ పోసే పనికే సరిపోతుంది. గాజు ఆగకుండా ప్రవహిస్తే ఎంత మందమైన ఇనుమైనా చివరికి వేడెక్కి తీరుతుంది. పైగా బల్లను తాకిన ముఖం గరుకెక్కేది కాబట్టి పలకను రెండువైపులా అరగదీసి మెరుగుపెట్టాల్సి వచ్చేది. అద్దం ఖరీదులో పెద్ద భాగం ఆ అరగదీతకే పోయేది.

ఆగకుండా ప్రవహించే గాజును తలపెట్టినవాడు హెన్రీ బెస్సెమర్. ఉక్కు తయారీతో ప్రపంచానికి తెలియడానికి కొన్నేళ్ల ముందే, 1840ల్లో, కొలిమి నుంచి గాజును నేరుగా రెండు రోలర్ల మధ్యకు పంపి పొడవాటి పలకగా తీయాలని ప్రయత్నించాడు. బర్మింగ్‌హామ్ సమీపంలోని చాన్స్ బ్రదర్స్ సంస్థ ఆ పేటెంటును 6,000 పౌండ్లకు కొనుక్కుంది. ఆ తర్వాత జరిగింది గమనించదగ్గది. 1851లో లండన్ ప్రదర్శన కోసం కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌కు గాజు ఇచ్చింది అదే చాన్స్ సంస్థ. ఒక్కొక్కటి 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ఉన్న దాదాపు మూడు లక్షల పలకలు కావలసివచ్చాయి. రోలరు పేటెంటు చేతిలో ఉన్నా, ఆ పలకలన్నిటినీ పనివాళ్లు నోటితో ఊది, స్తంభాకారం చేసి, నిలువునా కోసి, మళ్లీ వేడిచేసి పరిచారు. ఆలోచన తప్పని కాదు, లోహం ఇంకా సిద్ధంగా లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. బెస్సెమర్ పద్ధతి ఆగిపోయింది రోలరు వంగడం వల్ల కాదనీ, రోలరు తాకిన గాజు మెరుపు కోల్పోవడం వల్లననీ అనవచ్చు. మెరుపు పోయిన మాట నిజమే. 1847లో సండర్లాండ్‌కు చెందిన జేమ్స్ హార్ట్‌లీ పేటెంటు పొందిన రోలర్ గాజు కూడా స్పష్టంగా కనిపించక్కర్లేని చోట, అంటే రైల్వే స్టేషన్ల పైకప్పుల వంటి చోట్ల వెలుగు కోసమే వాడుకలోకి వచ్చింది. కానీ మెరుపు ఎందుకు పోతుంది? లోహం మరీ చల్లగా ఉంటే తాకిన చోట గాజు చర్మం ఉన్నట్టుండి బిగుసుకుని ముడతలు పడుతుంది. మరీ వేడిగా ఉంటే గాజు లోహానికి అంటుకుంటుంది. దోసె పెనం సంగతి అందరికీ తెలిసిందే. మరీ కాగితే నీళ్లు చిలకరిస్తాం, చల్లబడితే పిండి సరిగ్గా పరుచుకోదు. రోలరుకూ అలాంటి ఇరుకైన హద్దే ఉంది. రోలరు మీద ఒకచోట వేడి, మరోచోట చల్లన అయితే ఒకే పలకలో ఒకచోట ముడత, మరోచోట అంటు కనిపిస్తాయి. అదే తేడా రోలరును వంచుతుంది కూడా. ముఖం మీద మచ్చ, నడుములో వంపు వేర్వేరు జబ్బులు కావు, ఒకే జబ్బు రెండు లక్షణాలు.

పది డిగ్రీల తేడా చేసే పని

ఆ జబ్బు ఎంత తీవ్రమైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. మూడు మీటర్ల పొడవు, ముప్పై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు రోలరును తీసుకుందాం. ఒక డిగ్రీ వేడి పెరిగితే మీటరు ఉక్కు మిల్లీమీటరులో దాదాపు వందో వంతు పొడవెక్కుతుంది. ఇక రోలరుకు ఒక పక్క కంటే ఎదుటి పక్క 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకోండి. వేడి పక్క సాగుతుంది, చల్లని పక్క పట్టి లాగుతుంది, రోలరు విల్లులా వంగుతుంది. లెక్క కడితే మధ్యలో వంపు దాదాపు 0.45 మిల్లీమీటర్లు. కంటికి ఆనదు. కానీ సోలార్ పలకల మీద చాలాకాలంగా వాడుతున్న గాజు మందం 3.2 మిల్లీమీటర్లు. అంటే వంపు గాజు మందంలో ఏడో వంతు. వెయ్యి డిగ్రీల ప్రాంతంలో ఉండే గాజు పక్కన పది డిగ్రీల తేడా రావడానికి పెద్ద పొరపాటేమీ అక్కర్లేదు.

వంగిన రోలరు తిరుగుతుంటే దాని ఉబ్బు ఒకసారి గాజువైపు వస్తుంది, అర చుట్టు తర్వాత దూరం జరుగుతుంది. పలక నడుమ ఒకచోట పలచబడి, మరోచోట మందమవుతుంది. ముప్పై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రోలరు చుట్టుకొలత దాదాపు 94 సెంటీమీటర్లు కాబట్టి, పలక పొడవునా సరిగ్గా 94 సెంటీమీటర్లకొకసారి అదే లోపం మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే ఫ్యాక్టరీలో లోపం కనిపించగానే రెండు మచ్చల మధ్య దూరం కొలుస్తారు. ఆ దూరమే దోషి ఏ రోలరో చెబుతుంది.

అయితే మరింత చల్లని నీళ్లు, మరిన్ని నీళ్లు పంపితే సరిపోదా అన్నది రెండో అభ్యంతరం. సరిపోదు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే కమ్మరి దాని చుట్టూ పిడకలు పేర్చి పట్టా అంతటినీ సమంగా కాలుస్తాడు. ఒక పక్కే కాలితే గుండ్రం చెడుతుందని అతనికి తెలుసు. ఇక్కడ సూత్రం అదే, పని మాత్రం తలకిందులు: సమంగా చల్లార్చాలి. బోలు రోలరులోకి ఒక కొస నుంచి నీళ్లు పంపి రెండో కొస నుంచి వదిలేస్తే, వెళ్లే దారిలో నీళ్లు వేడెక్కుతాయి. ఒక కొస చల్లగా సన్నగా, మరో కొస వేడిగా లావుగా తయారవుతాయి. అందుకే లోపల మరో గొట్టమో దిమ్మో అమర్చి, నీళ్లు రోలరు గోడను ఆనుకుని ఇరుకు సందులోంచి వేగంగా పారేలా చేస్తారు. నీళ్లు ఎక్కువ వేడెక్కకముందే బయటికి వచ్చేస్తాయి కాబట్టి రెండు కొసల మధ్య తేడా తగ్గుతుంది. గోడ మందం చుట్టూ ఒకేలా ఉండాలి. పోతపోసేటప్పుడు రంధ్రం కాస్త పక్కకు జరిగినా ఒక వైపు గోడ మందమై వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. కొసలకంటే నడుము ఎలాగూ ఎక్కువ వేడెక్కి ఉబ్బుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడే నడుమును వెంట్రుకవాసి సన్నగా అరగదీస్తారు. పనిలోకి దిగాక అది ఉబ్బి తిన్నగా అవుతుంది.

మామూలు నీళ్లు కూడా ఇక్కడ శత్రువే. ఉప్పునీళ్ల బోరు ఉన్న ఇంట్లో గీజరు కడ్డీ మీద తెల్లగా పేరుకునే సున్నపు పొర ఎంత గట్టిదో మన గృహిణులకు తెలుసు. రోలరు లోపల అలాంటి పొర ఒక పక్కన ఎక్కువగా పడితే అది ఆ పక్కకు కప్పిన దుప్పటిలాంటిది. అక్కడ వేడి బయటికి పోదు, రోలరు వంగుతుంది. అందుకే గాజు ఫ్యాక్టరీ నీటిని శుద్ధిచేసి, అదే నీటిని చల్లార్చి తిప్పి తిప్పి వాడుతుంది. యంత్రం ఆగినప్పుడు రోలరును నిశ్చలంగా వదిలేయకపోవడం వెనకా ఇదే కారణం. కదలని రోలరుకు ఎప్పుడూ ఒకే చెంప నిప్పుకు ఎదురుగా ఉంటుంది.

తాకే క్షణాన్ని వాయిదా వేసినవారు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో షీట్ గాజు యంత్రాలు కనిపెట్టినవారు ఈ చిక్కును మరో వైపు నుంచి ఎదుర్కొన్నారు. గాజు ఎంత గట్టిపడ్డాక లోహం దాన్ని తాకాలన్నది వాళ్ల ప్రశ్న. బెల్జియంలో ఎమిల్ ఫూర్కో కరిగిన గాజును మట్టి దిమ్మెలోని చీలికగుండా పైకి తీసి, పలకకు రెండువైపులా నీళ్లు పారే గొట్టాలు ఉంచాడు. అవి తాకకుండానే గాజు వేడిని లాగేస్తాయి. పలక కాస్త గట్టిపడ్డాకే పైనున్న రోలర్లు పట్టుకుంటాయి. ఆ రోలర్లకు ఆస్బెస్టాస్ తొడుగు ఉండేది.

అమెరికాలో ఇర్వింగ్ కోల్‌బర్న్ ఇంకా కష్టమైన దారి ఎంచుకున్నాడు. గాజును నిలువునా పైకి లాగి, రెండు మూడడుగుల ఎత్తులో కొత్తగా వేడి తగిలించి, అడ్డంగా ఉన్న ఒక నున్నటి రోలరు మీదుగా తొంభై డిగ్రీలు వంచి, పొడవాటి చల్లార్పు కొలిమిలోకి నడిపించాడు. ఈ యంత్రంలో పలక వంగాలి, దాన్ని వంచే రోలరు మాత్రం వంగకూడదు. ఆ రోలరు నికెల్ కలిసిన మిశ్రలోహంతో అద్దంలా మెరిసేలా ఉండాలి, వేడి హద్దు దాటకుండా ఉండాలి. కొన్నేళ్ల ప్రయోగాలతో కోల్‌బర్న్ డబ్బంతా హరించుకుపోయింది. 1912లో మైకేల్ ఓవెన్స్, ఎడ్వర్డ్ లిబ్బీలకు చెందిన టొలీడో నగరపు బృందం ఆయన పేటెంట్లు కొంది. 1916లో లిబ్బీ-ఓవెన్స్ షీట్ గ్లాస్ కంపెనీ ఏర్పడింది, 1917లో వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్‌లో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. ఆ ఏడాదే కోల్‌బర్న్ చనిపోయాడు. గాజును పైకి లాగవచ్చని ఆయన తొలినాళ్లలోనే చూపించాడు. మిగిలిన ఏళ్లన్నీ పలక వెడల్పు తగ్గకుండా నిలపడానికి, దాన్ని పాడుచేయకుండా తాకడానికి ఖర్చయ్యాయి.

ఇక అన్నిటికంటే బలమైన అభ్యంతరం: 1959లో ప్రకటించిన ఫ్లోట్ పద్ధతి ఈ చరిత్రనే చెల్లనిది చేయలేదా? ఇంగ్లండ్‌లోని సెయింట్ హెలెన్స్‌లో ఆలస్టర్ పిల్కింగ్‌టన్ బృందం గాజును కరిగిన తగరం మీద తేలించింది. ఏడేళ్ల కృషి, డెబ్బై లక్షల పౌండ్ల ఖర్చు, పెద్ద యంత్రం మీద పద్నాలుగు నెలలపాటు అమ్మకానికి పనికిరాని గాజు. ఆ తర్వాతే విజయం. ఇవాళ ప్రపంచంలోని కిటికీ గాజులో సింహభాగం అదే. కానీ ఆ పద్ధతి ఏం చేసిందో దగ్గరగా చూడండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అది ద్రవం, ద్రవానికి వంకర లేదు. గాజు వెయ్యి డిగ్రీల పైన అందులోకి దిగి, ఆరు వందల డిగ్రీల దగ్గర, రోలరు తాకినా మచ్చ పడనంత గట్టిపడ్డాక బయటికి వస్తుంది. ఆ గుమ్మం దగ్గర దాన్ని ఎత్తి పట్టుకునేవి మళ్లీ రోలర్లే. తొట్టిలో పలక అంచులను పట్టి మందాన్ని అదుపుచేసే పళ్ల చక్రాల లోపల పారేదీ నీళ్లే. వంగని రోలరు దొరకని చోట వంగడమే తెలియని ద్రవాన్ని పెట్టారు. ఫ్లోట్ నా వాదనను కొట్టివేయదు, దానికి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం చెబుతుంది.

వేడికి సాగని పదార్థంతో రోలరు చేస్తే గొడవ ఉండదు కదా అనీ అడగవచ్చు. అలాంటిది ఉంది. కరిగించిన సిలికాతో చేసిన రోలరు ఉక్కులో ఇరవయ్యో వంతైనా సాగదు. గాజును గట్టిపరిచే టెంపరింగ్ కొలిముల్లో వాడేది దాన్నే. కానీ అక్కడి గాజు అప్పటికే పలక అయింది. ముద్దగా ఉన్న గాజును పలక చేయాలంటే దాని వేడిని గబగబా లాగేయాలి. సిలికా ఆ వేడిని మోసుకుపోలేదు. వేడిని మోయగల లోహమే వేడికి సాగుతుంది. ఈ చిక్కుకు దగ్గరి దారి లేదు, సమంగా చల్లార్చడమే మార్గం.

ఈ పాత విద్యకు మన కాలంలో కొత్త పని వచ్చింది. బాత్రూం కిటికీకి వేసే పువ్వుల గాజు ఇప్పటికీ నీళ్లు పారే రెండు రోలర్ల మధ్య నుంచే వస్తుంది, ఆ పువ్వులు రోలరు మీద చెక్కినవే. సోలార్ పలకల పై గాజూ సాధారణంగా ఆ కుటుంబానిదే. ఇనుము పాలు తగ్గించి, వెలుగు ఎక్కువ లోపలికి పోయేలా చేసిన రోలర్ గాజు అది. గుజరాత్‌లోని భరూచ్ దగ్గర రెండు మిల్లీమీటర్ల సోలార్ గాజు కూడా తయారవుతోంది. గాజు పలచబడేకొద్దీ రోలరు వంపును క్షమించే గుణం తగ్గుతుంది. మన లెక్కలోని 0.45 మిల్లీమీటర్లు 3.2లో ఏడో వంతు, రెండులో దాదాపు నాలుగో వంతు.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అలాంటి పార్కుల్లో పలక మీది గాజు పాతికేళ్లపాటు ఎండకు, వడగళ్లకు, గాలివానకు ఓర్చుకోవాలి. ఎక్కడో ఒకచోట పలచబడిన గాజు ముందు అక్కడే ఓడిపోతుంది. వెలుగును విద్యుత్తుగా మార్చే సిలికాన్ గురించి మనం పాఠాలు చెబుతున్నాం, రాయాల్సినంత రాస్తున్నాం. దానిమీద గొడుగులా నిలిచే గాజు అంతటా ఒకే మందాన ఉండేలా చూసిన రోలరు గురించీ, దాని గోడ మందం కొలిచినవారి గురించీ, దానిలోకి వెళ్లే నీటిలో సున్నం లేకుండా చూసినవారి గురించీ మన పాలిటెక్నిక్ తరగతుల్లో ఒక పూట పాఠమైనా జరగాలి. బెస్సెమర్ పేటెంటు చేతిలో పెట్టుకుని మూడు లక్షల పలకలు నోటితో ఊదించిన చాన్స్ సంస్థకు కొరవడింది సరిగ్గా ఆ పాఠమే.