బోర్డో ఎర్ర వైన్

బోర్డో ఎర్ర వైన్ ఫ్రాన్సు దేశపు నైఋతి భాగంలో, బోర్డో నగర పరిసరాలలో పండే నల్లద్రాక్షలతో తయారుచేయబడే మద్యము. షడ్రుచులలో ఒకటైన వగరు దీని ముఖ్య లక్షణము. ఈ వైన్ గుణాన్ని నిర్ణయించడానికీ, దానికి తగిన ఆహారాన్ని ఎన్నుకోవడానికీ ఈ వగరే ప్రధాన ఆధారము.

ప్రాంతము, ద్రాక్ష రకాలు

గరోన్, దోర్దోన్ నదులు బోర్డో నగరానికి ఉత్తరాన ఒకటై, జిరోండ్ అనే పేరుతో అట్లాంటిక్ మహాసముద్రంలో కలుస్తాయి. జిరోండ్ ఎడమ గట్టున ఉన్న మెదోక్ ప్రాంతంలో గులకరాతి నేలలు ఉన్నాయి. అక్కడ వగరు ఎక్కువగా గల కాబెర్నే సోవిన్యోన్ రకం ప్రధానము. దోర్దోన్ కుడి గట్టున ఉన్న సేంట్ ఎమిలియోన్, పొమెరోల్ ప్రాంతాలలో మెర్లో రకం అధికము. దీని వైన్ కొంత మృదువుగా ఉంటుంది. సాధారణంగా రెండు మూడు రకాల వైన్‌లను కలిపి సీసాలలో నింపుతారు.

1855లో పారిస్‌లో జరిగిన ప్రదర్శన సందర్భంగా మెదోక్ ఎర్ర వైన్‌లను ఐదు తరగతులుగా విభజించారు. ఈ వర్గీకరణ స్వల్ప మార్పులతో నేటికీ అమలులో ఉన్నది.

వగరుకు కారణము

ద్రాక్ష తొక్కలలోను, గింజలలోను టానిన్లు అనే పదార్థాలు ఉంటాయి. ఎర్ర వైన్ తయారీలో రసాన్ని తొక్కలతో సహా పులియబెడతారు కనుక అవి వైన్‌లోకి దిగుతాయి. నిలువచేసే ఓక్ పీపాల నుండి కూడా కొంత చేరుతాయి. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లతో బంధం ఏర్పరచుకొనడం వలన నోటిలో జారుడుతనం తగ్గి, నాలుక పట్టుకున్నట్లు అనిపిస్తుంది. నేరేడుపండు తిన్నప్పుడు కలిగే అనుభవం ఇటువంటిదే. మంచి వైన్‌ను కొన్నేళ్ళు నిలువచేస్తే వగరు మెత్తబడుతుంది.

రుచి చూచే విధానము

వైన్‌ను 16-18 డిగ్రీల సెల్సియస్ వద్ద, గ్లాసులో మూడవ వంతుకు మించకుండా పోస్తారు.

1. రంగు: తెల్లని కాగితంపై గ్లాసును వంచి చూస్తారు. లేత వైన్ ఊదా ఛాయలోను, పాతది అంచున ఇటుక రంగులోను ఉంటుంది.
2. వాసన: గ్లాసును గుండ్రంగా తిప్పి వాసన చూస్తారు. బ్లాక్‌కరెంట్, దేవదారు, పొగాకు వాసనలను పోల్చుకుంటారు.
3. రుచి: ఒక గుక్కను నోరంతా తిప్పి పులుపు, వగరు, ఘాటు సమంగా ఉన్నాయో లేదో గమనిస్తారు. వృత్తి నిపుణులు దీనిని మింగక ఉమ్మివేస్తారు.
4. ముగింపు: రుచి నోటిలో ఎంతసేపు నిలుస్తుందో చూస్తారు.

ఈ పరీక్షలో కన్ను నాలుకను మోసగించగలదు. 2001లో వెలువడిన ఒక పరిశోధనలో, వాసన లేని ఎర్రరంగు కలిపిన తెల్ల వైన్‌ను బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులకు ఇవ్వగా, వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 1976 మే 24న పారిస్‌లో పేర్లు దాచి నిర్వహించిన పోటీలో, ఫ్రెంచి న్యాయనిర్ణేతలు కాలిఫోర్నియా వైన్‌కు బోర్డో వైన్‌ల కంటె ఎక్కువ మార్కులు వేశారు. కావున పేరు, ధర తెలియకుండా రుచి చూడడమే సరియైన పద్ధతి.

తగిన ఆహారము

మాంసంలోని ప్రోటీన్లు, కొవ్వు వగరును తగ్గిస్తాయి. అందువలన మెదోక్‌లోని పోయాక్ పట్టణ ప్రాంతపు గొర్రెపిల్ల మాంసం, కాల్చిన గొడ్డుమాంసం, గట్టి జున్ను ఈ వైన్‌కు సాంప్రదాయక జోడీలు. చేపలతో ఇది తరచు పొసగదు. వైన్‌లోని ఇనుము నీచువాసనను పెంచుతుందని 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. తీపి పదార్థాలతో వైన్ పుల్లగా తోస్తుంది. ఆల్కహాలు మిరపకాయ మంటను హెచ్చిస్తుంది కనుక, కారం దట్టించిన తెలుగువారి కూరల కంటె మిరియాలతో మితంగా వండిన మాంసం నయము.

ఆరోగ్యము

ఎర్ర వైన్ గుండెకు మేలు చేస్తుందని 1990లలో విస్తృతంగా ప్రచారం జరిగింది. అయితే ఆల్కహాలు క్యాన్సర్ కారకాలలో ఒకటి. ఎంత తక్కువ మోతాదైనా పూర్తిగా సురక్షితమని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.