కోరంగీల కాలినడక

యానాం ప్రక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 తుపానులో అది దెబ్బతిన్నది గాని పేరు మాత్రము పోలేదు. సముద్రము దాటి వచ్చిన తెలుగువానినల్లా బర్మావారు ‘కొరింగీ’ అనే పిలిచినారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవారే రంగూను రేవులో బస్తాలు మోసినారు, బియ్యపు మిల్లులలో పనిచేసినారు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో తెలుగు మాట్లాడేవారు లక్షన్నరకు పైగా ఉన్నారు.

వీరు మేస్త్రీల చేతిక్రింద ముఠాలుగా ఉండేవారు. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా ఇచ్చి తీసుకొనిపోయేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలీ అతని చెప్పుచేతలలోనే. ఈ పద్ధతిని నేను మెచ్చుకొనను. అయినా ఒకే ఊరివారు ఒక గదిలో వండుకొని తిన్న ఆ అలవాటే తరువాత అక్కరకు వచ్చినదని నా నమ్మకము.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1930 మే నెలలో రేవు దగ్గర బర్మా కూలీలతో జరిగిన ఘోరమైన కొట్లాటలు మనవాళ్లు మరువలేదు. వేలకొలది జనము ప్రోము దారి పట్టినారు. వీరు పోతే రేవులో పని సాగదు గదా! దొరతనమువారు భయము లేదని నచ్చజెప్పి చాలమందిని వెనుకకు మళ్లించినారు. 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమైనది.

ఓడలో చోటు దొరకనివారికి కాలినడకే గతి. కొందరు తంగూపు కనుమ దాటి ఆరకాను మీదుగా చిట్టగాంగుకు, కొందరు తమూ మీదుగా మణిపురమునకు నడచినారు. నాలుగు లక్షలకు తక్కువ కాదు. కలరాతో దారిలోనే వేలమంది పోయినారు. తెల్లవారికొక వసతి, నల్లవారికొక వసతి అన్న ఫిర్యాదు దేశమంతటా వినవచ్చినది. అయితే అస్సాం తేయాకు తోటలవారు తమ కూలీలను తెచ్చి త్రోవలు వేయించి, శిబిరములు పెట్టి, వచ్చినవారికి అన్నము పెట్టిన మాటా నిజమే.

ఆ తంగూపు దారిన వచ్చినవారిలో మా ముత్తాతగారొకరు. ఎనిమిదిమంది, అందరూ ఇచ్ఛాపురం దగ్గర ఒకే పల్లెవారు. బయలుదేరే ముందు ఎవరి డబ్బు వారి దగ్గర ఉంచుకొనలేదట. అంతా ఒక సంచిలో వేసి, వయసులో పెద్దాయన నడుముకు కట్టినారు. బియ్యము కొన్నా, చివరకు మంచినీళ్లు కొన్నా ఎనిమిదిమందికీ కలిపే. ఒకరికి జ్వరము వస్తే తక్కినవారు ఆగవలసినదే. కనుమలో కలరా తగిలి ఆ పెద్దాయనే పోయినాడు. రెండు రోజులు అతనితో అక్కడే ఉండి, మట్టిచేసి, సంచి మరియొకరు కట్టుకొన్నారు.

కలకత్తాలో బెంగాల్ నాగపూర్ రైలెక్కి ఏడుగురు ఇచ్ఛాపురంలో దిగినారు. నేను గుమాస్తాగా పనిచేస్తున్న లైను ఇదే. ఇంటికి పోకముందే రచ్చబండ మీద సంచి విప్పి, మిగిలినది ఎనిమిది వాటాలు వేసినారు. ఎనిమిదవది పెద్దాయన భార్య చేతిలో పెట్టినారు. ఎంత మిగిలినదో మా ఇంటిలో ఎవరికీ జ్ఞాపకము లేదు. ఎనిమిది వాటాలన్నది మాత్రము అందరూ చెప్పుదురు.