విషచికిత్సలో ఉదరశోధన: వమనము నుండి బొగ్గుపొడి వరకు

1931లో పూర్తియైన నిజాంసాగరు జలములచే ఇందూరు (నిజామాబాదు) సీమ వరికిని చెఱకునకును నెలవు కాగా, 1937లో బోధను చెంత శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము వెలసినది. కాలక్రమమున ఆ పైరుల వెంట పురుగుల మందు డబ్బాయు రైతు ఇంటికి చేరుటచే, కడుపులోనికి పోయిన విషమును రక్తమున కలియకముందే అరికట్టుట యెట్లను ప్రాచీన ప్రశ్న ఈ ప్రాంతమునకును ముఖ్యమైనది.

సుశ్రుతుని కల్పస్థానము స్థావరవిషపు మొదటి వేగమున (దశలో) వమనమును, రెండవ వేగమున వమనముతోపాటు విరేచనమును విధించుచున్నది. ఐరోపా వైద్యులును చిరకాలము ఈ మార్గముననే నడచిరి. వాంతికై వారు బ్రెజిలు దేశపు ఇపికాక్ వేరును వాడిరి. 1812లో ఫిలడెల్ఫియా వైద్యుడు ఫిజిక్ నల్లమందు పాలైన శిశువుల కడుపును గొట్టముతో కడిగిన వృత్తాంతమును ప్రకటించెను. 1822లో ఆంగ్లవైద్యుడు ఎడ్వర్డ్ జ్యూక్స్ నల్లమందు ద్రవమును తానే త్రాగి, గొట్టముద్వారా వెలికి తీయించుకొని, ఆ సాధనమును పరీక్షించెను.

విషమును వెలికి తీయక లోపలనే బంధించుట రెండవ మార్గము. టూయెరీ యను ఫ్రెంచి ఔషధకారుడు ప్రాణాంతకమైన స్ట్రిక్నిన్‌ను బొగ్గుపొడితో కలిపి పండితసభ యెదుట మ్రింగి బ్రతికెను. ఆ పందొమ్మిదవ శతాబ్దమునందే ఐరోపా చక్కెర కర్మాగారములు రసమును తెల్లబఱచుటకు ఎముకల బొగ్గును వాడసాగినవి. రసములోని రంగును పట్టుకొనునదియు, కడుపులోని విషమును పట్టుకొనునదియు బొగ్గు యొక్క సూక్ష్మరంధ్రములే. అయితే ఇనుము, లిథియము, మద్యసారము, ఆమ్లములు దీనికి లొంగవు.

ఈ మార్గములను తూచి చూచిన ప్రయోగము కెనడాలో జరిగినది. 1987లో ప్రకటితమైన ఆ పరిశోధనలో, ఆంపిసిలిన్ మ్రింగిన ఆరోగ్యవంతులకు ఒక గంట పిదప చికిత్స చేయగా, ఔషధశోషణము కడుపు కడిగినచో 32 శాతము, ఇపికాక్‌చే 38 శాతము, బొగ్గుచే 57 శాతము తగ్గినది. 1997లో అమెరికా, ఐరోపా విషవైద్య సంఘములు ఇపికాక్‌ను నిత్యచికిత్స నుండి తొలగించి, కడుపు కడుగుటను గంటలోపు వచ్చిన అరుదైన ప్రాణాపాయ స్థితులకు పరిమితము చేసినవి. బొగ్గును సైతము సర్వరోగనివారిణిగా ఎంచరాదు. శ్రీలంకలో నాలుగువేలకు పైబడిన రోగులపై జరిగి 2008లో వెలువడిన పరీక్షలో దానివలన మరణములు తగ్గినట్లు తేలలేదు.

వరంగల్లు ప్రభుత్వ వైద్యశాలలో 1997 నుండి 2002 వరకు చేరిన 8040 మంది పురుగుమందు బాధితులలో 22.6 శాతము మరణించిరి. విషము రక్తమున కలిసిన పిమ్మట కడుపు కడుగుటకన్న, శ్వాసను నిలుపుటయు, కొన్ని పురుగుమందులకు విరుగుడైన అట్రోపిన్‌ను తగినంత ఇచ్చుటయు ప్రధానములు. కనుక ఇందూరు సీమలోని వర్ని, కోటగిరి పల్లెలలో ఉప్పునీళ్లో సబ్బునీళ్లో పోసి వాంతి చేయించుట అనర్థకము. కిరోసిన్ త్రాగిన బిడ్డ విషయమున, స్పృహ తప్పినవాని విషయమున అది ఊపిరితిత్తులకే ముప్పు. 108కు ఫోను చేసి, మందు డబ్బాను వెంటగొని, రోగిని నిజామాబాదు పెద్దాసుపత్రికి తక్షణమే చేర్చుట ఇంటివారి వంతు. కడుపు కడుగుటయా, బొగ్గు ఇచ్చుటయా, రెండును మానుటయా యన్నది వైద్యుని వంతు.