వంశావళి – బాప్తిస్మపు రిజిస్టరు

చెర నుండి తిరిగివచ్చిన యాజకులలో కొందరి పేర్లు వంశావళిలో కనబడలేదు. వారు యాజకత్వానికి దూరమయ్యారు (ఎజ్రా 2:62). మత్తయి వంశావళిలోనైతే తామారుకు, రాహాబుకు, రూతుకు కూడ చోటు దొరికింది.

ఏలూరు 1854లో సి.ఎం.ఎస్. కేంద్రమైంది. కృష్ణా ప్రాంతపు రాఘవాపురంలో 1859లో పగోలు వెంకయ్య బాప్తిస్మం పొందిన తరువాత మాలపల్లెల్లో సంఘాలు వెలిశాయి. కరణం లెక్కలు భూమి గలవారి కోసం. సంఘపు రిజిస్టరులో కూలివాని బిడ్డకూ తండ్రి పేరుతో చోటుంది. మత్తయి పద్ధతి ఇదే.

అయితే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాలలో క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రం క్రైస్తవులైన దళితులను, వారి సంతతిని బి.సి.-సిగా లెక్కిస్తోంది. ఎజ్రా కాలంలో పేరు దొరకనివారు నష్టపోయారు. ఇక్కడ దొరికినవారు నష్టపోతున్నారు. బిడ్డ పేరు వ్రాయించడానికి వెనుకాడే తండ్రిని అవిశ్వాసి అనడం తొందరపాటే. అతడు భయపడేది దేవునికి కాదు, ధ్రువపత్రానికి.