వేయి తులముల మొహరు: కొలతనుండి తూనికకు

హైదరాబాదు నిజాము వంశీయుల సొత్తుగ ప్రసిద్ధికెక్కిన జహంగీరు వేయి తులముల బంగారు మొహరు 1613లో ఆగ్రా టంకశాలయందు ముద్రింపబడినది. 1987 నవంబరులో జెనీవాయందు వేలమునకు వచ్చినది. పిమ్మట దాని జాడ లోకమునకు తెలియరాలేదు. 2022లో గచ్చిబౌలియందలి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయపు షేర్వానీ దక్కను అధ్యయన కేంద్ర పండితులు దీని చరిత్రను మరల చర్చకు తెచ్చిరి. రేపొకనాడు ఎవరైనను ఇదియే యా నాణెమని తెచ్చినచో పరీక్షించుట యెట్లు?

గ్రంథస్థమైన కొలతలు రెండు: వ్యాసము 20.3 సెంటీమీటర్లు, తూనిక 11,935.8 గ్రాములు. తూనికను వేయింట భాగింపగా తులము 11.94 గ్రాములగును. 1833లో ఆంగ్లేయులు స్థిరపరచిన తులము 11.66 గ్రాములే. చాలమంది యీ తులముతోనే లెక్కింతురు. అట్లు చేసినచో 272 గ్రాముల భేదము వచ్చును. అసలు నాణెమునే కూటనాణెమని త్రోసివేయవలసి వచ్చును.

మేలిమి బంగారము ఘనసెంటీమీటరునకు 19.3 గ్రాములు తూగును. కావున మొహరు ఘనపరిమాణము 618 ఘనసెంటీమీటర్లు, సగటు మందము సుమారు 1.9 సెంటీమీటర్లు ఉండవలెను. ఉబ్బెత్తు లిపి యుండుటచే మందమును సరిగా కొలుచుట కష్టము. నీటిలో తూచుట మేలు. అపుడు తూనిక 618 గ్రాములు తగ్గవలెను. అంతే పరిమాణముగల వెండిబిళ్ల ఆరున్నర కిలోలు, సీసపుబిళ్ల ఏడు కిలోలు మాత్రమే తూగును.

అయినను టంగ్‌స్టన్ సాంద్రత 19.25. 1783లో గాని వేరుచేయబడని యీ లోహమును జహంగీరు కమ్మరు లెరుగరు. నేటి కూటకారు లెరుగుదురు. అచ్చట త్రాసు చాలదు, లిపిని, ముద్రను పరిశీలింపవలసినదే.